నడుస్తున్న బేకరీ కొనాలి, బ్యాంకేమో గుడ్‌విల్‌కు లోన్ రాదంటోంది. డబ్బు ఎలా సర్దాలి?

బైరాగిపట్టెడ_అబ్బాయి
తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక బేకరీ అమ్మకానికి వచ్చింది. పదిహేనేళ్లుగా నడుస్తోంది, ఓనరుకు వయసు మీదపడింది, పిల్లలిద్దరూ బయట సెటిలయ్యారు, చూసుకునేవాళ్లు లేరు. నేను బెంగళూరులో బేకరీల్లోనే పని నేర్చుకుని మాస్టర్‌గా చేసి వచ్చినవాడిని కాబట్టి పని గురించి భయం లేదు, టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. మొత్తం 38 లక్షలు చెబుతున్నారు. బిల్డింగ్ అడ్వాన్స్ 5, మిషన్లు ఫర్నిచర్ కలిపి 14, సరుకు ఒకటిన్నర, మిగతాది గుడ్‌విల్ (షాపు పేరుకు, అలవాటైన గిరాకీకి కట్టిన ధర) అట. నా దగ్గర 9 లక్షలున్నాయి. బ్యాంకుకెళ్తే మేనేజర్ గారు గుడ్‌విల్‌కు లోన్ ఉండదు, ఇల్లు తాకట్టు పెడితే చూస్తాం అన్నారు. మా అమ్మ పేరు మీద 50 అంకణాల్లో (మా వైపు స్థలం కొలత) ఇల్లుంది, దాని మీద 25 లక్షల దాకా వస్తాయంటున్నారు. పెట్టొచ్చా? రోజుకు 22 వేలు కౌంటర్ (అమ్మకం) అవుతుందని ఓనరు మాట. అద్దె 45 వేలు.

గాంధీరోడ్డు_బంగారం
అమ్మ ఇల్లు ముట్టుకోవద్దు. ఇంకేదైనా చెయ్యి.

కొర్లగుంట_కుర్రోడు
పీఎంఈజీపీ (స్వయం ఉపాధికి కేంద్రం సబ్సిడీ లోన్ పథకం) పెట్టన్నా. సబ్సిడీ వస్తుంది, పట్టణంలో జనరల్ వాళ్లకు 15 శాతం, బీసీ, ఎస్సీ, మహిళలకు 25. చేతి నుంచి పెట్టాల్సింది కూడా తక్కువే.

రిటైర్డ్_లోన్_సెక్షన్
పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. నడుస్తున్న వ్యాపారం కొంటే రాదు. స్టాండప్ ఇండియా లోన్ పథకం కూడా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకే ఉండేది, దాని గడువు 2025తో అయిపోయింది. ముద్రలో (చిన్న వ్యాపారాలకు కేంద్రం లోన్ పథకం) 20 లక్షలని విని పరుగెత్తుతారు, తరుణ్ ప్లస్ అనే ఆ లోన్ అంతకుముందు ముద్రలోనే తరుణ్ లోన్ తీసుకుని సక్రమంగా కట్టేసినవాళ్లకు. మొదటిసారి వెళ్లేవాళ్లకు 10 లక్షల వరకే. ముందు ఈ పేర్లు పక్కన పెట్టి, బ్యాంకు దేన్ని చూసి డబ్బిస్తుందో చూద్దాం. వివరంగా రాస్తాను, సాయంత్రం దాకా ఆగండి.

లీలామహల్_సెంటర్
అసలు పాతది ఎందుకు కొనాలి? 20 లక్షలు పెడితే కొత్త బేకరీ వస్తుంది, సబ్సిడీ కూడా వస్తుంది. ఎవరో వాడేసిన అవెన్‌కు, గోడకున్న బోర్డుకు 17 లక్షల గుడ్‌విల్ ఏంటి బ్రదర్.

పలమనేరు_పాలు
కొత్త షాపు పెట్టి జనం అలవాటుపడే దాకా అద్దె ఎవరు కడతారు? మా వీధిలో ఒకాయన అలాగే కొత్తది పెట్టాడు, ఏడాది తిరగకుండా షట్టర్ దించేశాడు. పదిహేనేళ్లుగా పుట్టినరోజు కేకు అక్కడే ఆర్డరిచ్చే ఇళ్లకు విలువ లేదంటే ఎలా?

లీలామహల్_సెంటర్
ఆ ఇళ్లవాళ్లు ఓనరు ముఖం చూసి వస్తున్నారా, బన్ను చూసి వస్తున్నారా? ఓనరు వెళ్లిపోయాక, ఉన్న మాస్టర్ కూడా వెళ్లిపోతే, డబ్బు దేనికి ఇచ్చినట్టు?

బైరాగిపట్టెడ_అబ్బాయి
మాస్టర్ ఉన్నా లేకపోయినా నాకు ఇబ్బంది లేదన్నా, పని నాకొచ్చు. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, ఎవరు ఎప్పుడు ఏం కొంటారో ఆయనకు తెలుసు. ఆయన ఉంటానన్నాడు.

రిటైర్డ్_లోన్_సెక్షన్
చెప్పినట్టే రాస్తున్నాను. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఈ డబ్బుతో ఏ వస్తువు వస్తుంది, ఈ అప్పు ఏ ఆదాయంతో తీరుతుంది. గుడ్‌విల్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రేపు వేలం వేయాల్సి వస్తే అది దొరకదు. మిషన్లకు టర్మ్ లోన్ (కొన్నేళ్లపాటు కిస్తీల్లో తీర్చేది) వస్తుంది, మామూలుగా నాలుగో వంతు మీరు పెట్టుకోవాలి. పాత మిషన్లయితే వాల్యుయర్ (విలువ కట్టే నిపుణుడు) సర్టిఫికెట్ అడుగుతారు, ఓనరు చెప్పిన 14 లక్షలు కాదు, వాల్యుయర్ రాసిందే లెక్క. సరుకు కోసం, రోజువారీ తిప్పుకోవడానికి వర్కింగ్ క్యాపిటల్ వేరుగా ఇస్తారు, చిన్న యూనిట్లకు ఏడాదికి వేసిన అమ్మకాల అంచనాలో 20 శాతం దాకా లెక్కగడతారు. చిన్న పరిశ్రమలకు 20 లక్షల లోపు లోన్‌కు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది, తాకట్టు బదులు సీజీటీఎమ్‌ఎస్‌ఈ అనే ట్రస్టు బ్యాంకుకిచ్చే గ్యారంటీ కింద చేస్తారు, ఏటా కొంత ఫీజు పడుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) చేయించుకుని వెళ్లండి.

రెండో ప్రశ్న ముఖ్యం. ఓనరు మూడేళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, జీఎస్టీ రిటర్నులు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ తీసుకోండి. వాటిలో కనబడే అమ్మకమే బ్యాంకుకు అమ్మకం. ఖర్చులన్నీ పోగా మిగిలేది కిస్తీకి కనీసం ఒకటింబావు రెట్లు, కుదిరితే ఒకటిన్నర రెట్లు ఉండాలి.

ఇంటి మీద లోన్ గురించి కూడా చెబుతాను. మేనేజర్ దాన్ని ముందు చెప్పింది దానికి ఫైలు తేలిక కాబట్టి. వ్యాపారం ఎలా ఉందో పెద్దగా చూడకుండానే ఇల్లు చూసి ఇస్తారు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది, వ్యాపారాన్ని గట్టిగా తనిఖీ చేసేవాడు ఎవరూ ఉండడు. కిస్తీలు 90 రోజులు ఆగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ), తర్వాత 60 రోజుల నోటీసు, ఆపైన కోర్టుకు వెళ్లకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం సర్ఫేసీ చట్టం బ్యాంకుకు ఇచ్చింది. అమ్మగారు సంతకం పెట్టే ముందు ఈ మాట ఆవిడకు అర్థమయ్యేలా చెప్పండి.

గాంధీరోడ్డు_బంగారం
నేను ఒక్క ముక్కలో చెప్పింది సార్ వివరంగా చెప్పారు.

పద్దుల_పుస్తకం
ట్యాక్స్ పనిలో ఉన్నాను, ఇలాంటి ఫైళ్లు తరచూ వస్తాయి. పైన సార్ చెప్పిన రిటర్నుల దగ్గర ఇంకో చిక్కుంది. రోజుకు 22 వేలంటే ఏడాదికి 80 లక్షల అమ్మకం. చిన్న బేకరీలు చాలావరకు కంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటాయి, ఏడాదికి ఒకసారి జీఎస్టీఆర్ 4 అనే రిటర్ను వేస్తారు. ఆ కాగితం అడగండి. అందులో 35 లక్షలు రాసి ఉంటే, "అంతా చూపించం కదా నాయనా" అని ఓనరు అంటే, అక్కడ ఆగి ఆలోచించండి. చూపించని అమ్మకానికి మీ దగ్గర గుడ్‌విల్ అడుగుతున్నాడు, ఆ అమ్మకం చూసి బ్యాంకు పైసా ఇవ్వదు, పైగా జీఎస్టీ చట్టం సెక్షన్ 85 ప్రకారం వ్యాపారం చేతులు మారిన రోజు వరకు ఉన్న పన్ను బకాయికి అమ్మినవాడితో పాటు కొన్నవాడూ బాధ్యుడే. రేపు డిపార్ట్‌మెంట్ తవ్వితే షాపులో కూర్చుని ఉండేది మీరు.

అందుకే అగ్రిమెంట్‌లో ఫలానా తేదీ వరకు ఉన్న పన్నులు, కరెంటు బిల్లు, జీతాల బకాయిలు అమ్మినవాడివే అని రాయించి, వాటికి సరిపడా డబ్బు కొంత మీ దగ్గరే ఆపుకోండి. రాసుకున్న కాగితం డిపార్ట్‌మెంట్‌ను ఆపదు, కానీ ఓనరు నుంచి రాబట్టుకోవడానికి పనికొస్తుంది. ఆయన నంబరు మీకు రాదు, మీ పాన్ మీద జీఎస్టీ కొత్తగా తీసుకోవాలి. ఫుడ్ సేఫ్టీ లైసెన్సూ మీ పేరుతో కొత్తదే. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఎస్పీడీసీఎల్ కరెంటు కనెక్షన్ పేరు మార్పు సరేసరి. వ్యాపారాన్ని మొత్తంగా, నడుస్తున్నది నడుస్తున్నట్టు అప్పగిస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ పడదు, కాబట్టి మిషన్లకు విడిగా, సామాన్లకు విడిగా బిల్లులు రాసుకుని అనవసరంగా పన్ను తెచ్చుకోకండి.

నగదు సంగతి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ. ఓనరు సగం బ్లాక్‌లో ఇవ్వమంటే ఈ మాట మర్యాదగా చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు
మిషన్లకు వాల్యుయర్, వ్యాపారం మొత్తంగా బదిలీ, రెండూ ఎలా కుదురుతాయి సార్? బ్యాంకుకు మిషన్ల బిల్లు కావాలి కదా.

పద్దుల_పుస్తకం
మంచి ప్రశ్న. ఒకే అగ్రిమెంటు, దానికి అనుబంధంగా ఏ వస్తువుకు ఎంత విలువో జాబితా, దాని మీద వాల్యుయర్ సంతకం. కొన్ని బ్రాంచీలు ఒప్పుకుంటాయి, కొన్ని బిల్లే కావాలని పట్టుబడతాయి. అగ్రిమెంటు రాసుకోకముందే బ్రాంచిలో అడిగేయాలి.

తోతాపురి
మాది చిత్తూరు పక్కన. మా మేనమామ వాళ్లు మామిడి పల్ప్ (గుజ్జు) యూనిట్ ఒకటి నడుస్తున్నది కొన్నారు. బేకరీకి రోజూ డబ్బు వస్తుంది, పల్ప్‌కు కాయ వచ్చేది ఎండాకాలం చివర కొన్ని వారాలే, డబ్బేమో డ్రమ్ములు అమ్ముడుపోయాక. అయినా బ్యాంకు నెలనెలా కిస్తీ వేసింది. మామ పట్టుబట్టి అసలును సరుకు వెళ్లే నెలల్లో కట్టేలా, మిగతా నెలల్లో వడ్డీ మాత్రమే కట్టేలా మార్పించుకున్నాడు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, గవర్నమెంటు 4 కలుపుతుంది అన్న ఏడాది ఆ మార్పు లేకపోతే యూనిట్ చేజారేది. నీ బేకరీకి కూడా ఏ నెలలు బాగుంటాయి ఏ నెలలు పలుచగా ఉంటాయి చూసుకో.

పలమనేరు_పాలు
తిరుపతిలో అయితే తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు. బేకరీకి డిసెంబరు 31 ఒక్కరోజే ఒక పండగ. ఆ 22 వేలు ఏ నెల లెక్కో అడుగు.

మైదా_మూట
నోటిమాట లెక్కలు వదిలేయండి. బేకరీ అమ్మకం మైదా చెబుతుంది. మాది హోల్‌సేల్ సరఫరా, నేను రోజూ చూసేదే. నెలకు ఎన్ని మూటల మైదా, ఎన్ని డబ్బాల డాల్డా, ఎంత చక్కెర, ఎన్ని ట్రేల గుడ్లు, ఎన్ని 19 కిలోల సిలిండర్లు దిగాయో సరఫరాదారుల బిల్లుల్లో ఉంటుంది. నువ్వు మాస్టర్‌వి, ఒక మూటకు ఎన్ని బన్నులు, ఎన్ని పఫ్‌లు వస్తాయో నీకు చెప్పాల్సిన పని లేదు. లెక్క వెనక్కి వేసుకుంటూ వెళ్తే అసలు కౌంటర్ ఎంతో తేలిపోతుంది. కరెంటు బిల్లులు ఏడాదివి తీసుకో. ఫోన్‌పే సౌండ్ బాక్సు అకౌంటు స్టేట్‌మెంటూ అడుగు. ఇంకొకటి, మాలాంటి వాళ్లకు ఓనరు ఎంత బాకీ ఉన్నాడో కూడా అడుగు. మొన్న ఒక షాపు చేతులు మారింది, పాత బాకీ ఎవరిదో తేలక కొత్తాయనకు ఎవరూ అరువివ్వలేదు.

బైరాగిపట్టెడ_అబ్బాయి
ఈ ఆలోచన నాకు తట్టలేదన్నా. బిల్లులు చూపించమని రేపే అడుగుతాను.

తిరుచానూరు_వాసి
చీటీ పాడుకోవచ్చు కదా. 10 లక్షల చీటీ వేసి మొదట్లోనే పాడితే చేతికి డబ్బు.

గాంధీరోడ్డు_బంగారం
మొదట్లో పాడితే చీటీ మొత్తంలో ఎంత వదులుకోవాలో చూశావా? అది కూడా వడ్డీయే. పాడినా చాలినన్ని జామీనులు చూపిస్తేనే డబ్బిస్తారు. చీటీ వేస్తే 1982 చట్టం కింద రిజిస్టర్ అయినదే వెయ్యాలి, వీధి చీటీ నమ్ముకుని షాపుకు అడ్వాన్సు ఇవ్వొద్దు. ప్రైవేటు ఫైనాన్స్ అసలే వద్దు. నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినబడుతుంది, ఏడాదికి 24 శాతం, 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

మందుల_షాపు_అక్క
ఎవరూ అసలు దారి చెప్పలేదు. ఓనరునే అప్పివ్వమని అడుగు తమ్ముడూ. చిత్తూరులో మా మెడికల్ షాపు మేం అలాగే కొన్నాం. ధరలో సగానికి కాస్త ఎక్కువ అప్పగింత రోజున, మిగతాది రెండేళ్లలో నెలనెలా. వడ్డీ లేదు. పాత ఓనరు మొదటి మూడు నెలలు సాయంత్రాలు వచ్చి కౌంటర్ దగ్గర కూర్చున్నాడు, డాక్టర్లకు పరిచయం చేశాడు. ఎందుకు వచ్చాడంటావు? తన డబ్బు ఇంకా మా గల్లాపెట్టెలో ఉంది కాబట్టి. మాకు డ్రగ్ లైసెన్సు కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది, అది వచ్చే దాకా రెండో భాగం డబ్బు మొదలుకాకూడదని రాసుకున్నాం. 22 వేల కౌంటర్ నిజమైతే మీ ఓనరు కూడా ఆగుతాడు. మొత్తం ముందే కావాలని పట్టుబడితే ఆ 22 వేల మీద ఆయనకే నమ్మకం లేదనుకో.

అమ్మేసినవాణ్ని
అక్కా, ఆ చివరి మాట ఒప్పుకోను. నేను టిఫిన్ హోటలు అమ్మాను. మొత్తం ముందే అడిగినవాడల్లా అబద్ధం చెబుతున్నాడని కాదు. కూతురి పెళ్లో, ఆపరేషనో ఉండొచ్చు. కొన్నవాడు రెండు నెలలు నడిపి, రుచి చెడగొట్టి, పేరు పాడుచేసి, కిస్తీలు ఆపేస్తే నేను ఎవరిని అడగాలి? నాకు అప్పుడు షాపూ లేదు, డబ్బూ లేదు.

మందుల_షాపు_అక్క
సరే అన్నా, అవసరాలు ఉంటాయి, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. మరి మీరెలా అమ్మారు?

అమ్మేసినవాణ్ని
పదింట ఆరు వంతులు చేతికి తీసుకున్నాను, నాలుగు వంతులు ఏడాదిన్నరలో. వరుసగా మూడు కిస్తీలు ఆగితే షాపు నాకు తిరిగి అప్పగించాలని, బిల్డింగ్ ఓనరు కూడా సంతకం పెట్టిన అగ్రిమెంటు. కొన్నాయన పని తెలిసినవాడు, పొద్దున నాలుగింటికే పొయ్యి దగ్గర ఉండేవాడు, అది చూసే ఒప్పుకున్నాను. మొత్తం కట్టేశాడు. పని తెలిసిన అబ్బాయి అంటున్నాడు కాబట్టి ఈ ఓనరు కూడా వినొచ్చు, కానీ అడిగే పద్ధతిలో అడగాలి. "మీ లెక్క నమ్మను" అని మొదలుపెడితే ఎవరూ వినరు.

పుత్తూరు_కట్టు
ఎముక విరిగితే మా ఊరికి తీసుకురండి, కట్టు కడతారు. బేరం విరిగితే కట్టడానికి మా ఊళ్లో కూడా ఎవరూ లేరు. మెల్లగా మాట్లాడు బ్రదర్.

ఎయిర్_బైపాస్
బిల్డింగ్ ఓనరు సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. షాపు అమ్మేవాడిది, గోడలు వేరేవాడివి. 38 లక్షలు పోసి కొన్నాక బిల్డింగ్ ఓనరు వచ్చే ఏడాది ఖాళీ చేయమంటే గుడ్‌విల్ ఎక్కడ పెట్టుకుంటావు? పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఆధారపడొద్దు. కనీసం నీ లోన్ ఎన్నేళ్లో అన్నేళ్లకు లీజు నీ పేరు మీద కావాలి, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, లేకపోతే చెల్లదు. అడ్వాన్సు 5 లక్షలు పాత ఓనరు చేతికి ఇవ్వకు, బిల్డింగ్ ఓనరు ఎదురుగా లెక్క తేల్చుకుని, నీ పేరు మీద రసీదు రాయించుకో. అద్దె ఏటా ఎంత పెరుగుతుందో కూడా రాయించుకో.

రిటైర్డ్_లోన్_సెక్షన్
ఇది చాలా అవసరమైన మాట. మేం లీజు గడువు లోన్ గడువు కంటే తక్కువుంటే ఫైలు వెనక్కి పంపేవాళ్లం. ఇంకొకటి, ఆ అవెన్, మిక్సర్, డిస్‌ప్లే ఫ్రిజ్‌లు ఇప్పటికే వేరే బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో హైపోథికేషన్‌లో (అప్పు కింద తాకట్టులో) ఉన్నాయేమో సెర్సాయ్ అనే తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీలో వెతికించండి. ఆన్‌లైన్‌లో కొద్దిపాటి ఫీజుతో తెలుస్తుంది.

లీలామహల్_సెంటర్
ఇన్ని కాగితాలు, ఇంత తిరుగుడు. నేను మొదట చెప్పిందే మళ్లీ చెబుతున్నా, కొత్తది పెట్టుకో. రేపు పాత ఓనరు బావమరిది పక్క వీధిలో అదే పేరుతో ఇంకో బేకరీ తెరిస్తే ఏం చేస్తావు?

పద్దుల_పుస్తకం
దానికి చట్టం ఉంది. మామూలుగా ఒకరి వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం చెల్లదు, కానీ కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27లోనే గుడ్‌విల్ అమ్మినవాడికి మినహాయింపు ఉంది. ఫలానా పరిధిలో అదే వ్యాపారం పెట్టనని అమ్మినవాడు రాసిస్తే చెల్లుతుంది, పరిధి సబబుగా ఉండాలి. బావమరిదిని ఆ కాగితం ఆపలేదు, నిజమే. కానీ షాపు పేరు అగ్రిమెంటులో మీకు రాసిచ్చి ఉంటే ఆ పేరు వాడకుండా అడ్డుకోవచ్చు.

బైరాగిపట్టెడ_అబ్బాయి
బిల్లులు చూశాను. ఓనరు మొదట నసిగాడు, నేను మాస్టర్‌ని, సరుకు ఎంత పడుతుందో తెలుసుకుంటే నాకు ఆర్డర్లు పెట్టుకోవడం తేలికని చెప్పి అడిగితే బీరువాలోంచి తీశాడు. మైదా, డాల్డా, గుడ్లు అన్నీ వేసి చూస్తే రోజుకు సగటున 16 వేలు తేలుతోంది, డిసెంబరులో మాత్రం 22 దాటింది. జీఎస్టీ రిటర్నులో ఇంకా తక్కువ ఉంది.

16 వేలంటే నెలకు 4 లక్షల 80 వేలు. సరుకుకు సగం, అద్దె 45 వేలు, జీతాలు 85 వేలు, కరెంటు గ్యాస్ 35, చిల్లర ఖర్చు 10. మిగిలేది 65 వేలు. ఇంటి మీద 25 లక్షలు 11 శాతానికి ఏడేళ్లకు తీసుకుంటే కిస్తీ 42,800, ఐదేళ్లకైతే 54 వేలు దాటుతోంది. అది కూడా 38 లక్షలకు సరిపోదు.

రిటైర్డ్_లోన్_సెక్షన్
లెక్క బాగా వేశారు. జీతాల్లో మాస్టర్ జీతం ఉందా?

బైరాగిపట్టెడ_అబ్బాయి
25 వేలు ఉంది సార్. పని నేను చేసుకుంటే అది మిగులుతుంది, కానీ అదే నా జీతం కదా, ఇంటికి అదే కావాలి.

రిటైర్డ్_లోన్_సెక్షన్
సరైన ఆలోచన. దాన్ని లాభంలో కలపకండి.

మందుల_షాపు_అక్క
22 మీద కట్టిన ధరను 16 మీదకు దించమని అడుగు. ఇప్పుడు నీ చేతిలో కాగితం ఉంది.

బైరాగిపట్టెడ_అబ్బాయి
నిన్న మాట్లాడాను. మా ఇంటావిడ కూడా వచ్చింది. అమ్మేసిన అన్న చెప్పినట్టు లెక్క తప్పని అనలేదు, ఈ కౌంటర్‌తో నేను మీ డబ్బు ఎలా తీర్చగలనో చూడండి అని కాగితం ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. 38 నుంచి 27న్నరకు వచ్చాడు. అడ్వాన్సు 5, మిషన్లు వాల్యుయర్‌తో 10, సరుకు ఒకటిన్నర, గుడ్‌విల్ 11. అందులో 8 లక్షలు నెలకు 25 వేల చొప్పున 32 నెలలు తీసుకుంటానన్నాడు, వడ్డీ లేదు. నా 9 లక్షలు, మిషన్ల మీద బ్యాంకు నుంచి ఏడున్నర, ఇంటావిడ బంగారం మీద 3. ఇల్లు పెట్టక్కర్లేదు. బ్యాంకు కిస్తీ ఐదేళ్లకు 16,300 దాకా, బంగారం వడ్డీ రెండున్నర వేలు, ఓనరుకు 25 వేలు. కలిపితే 44 వేలకు దగ్గర. ఇంటి లోన్ కిస్తీ కంటే కాస్త ఎక్కువే, కానీ 32 నెలల తర్వాత ఓనరు భాగం అయిపోతుంది, అమ్మ ఇల్లు అమ్మ పేరు మీదే ఉంటుంది.

లీలామహల్_సెంటర్
గుడ్‌విల్ 11 కూడా ఎక్కువే అంటాను. కానీ 38 మీద కొనేదానికంటే ఇది బాగుంది, ఒప్పుకుంటున్నా.

అమ్మేసినవాణ్ని
ఆయన ఆగడానికి ఒప్పుకున్నాడంటే నీ పని మీద నమ్మకం కుదిరిందని. కిస్తీ తేదీ దాటనివ్వకు.

ఎయిర్_బైపాస్
బిల్డింగ్ ఓనరు ఏమన్నాడు?

బైరాగిపట్టెడ_అబ్బాయి
ఆయన్ని ఇంకా కలవలేదు. చెన్నైలో ఉంటారట, శనివారం దర్శనానికి వస్తున్నారు. ఐదేళ్ల లీజు రిజిస్టర్ చేస్తేనే ముందుకెళ్తాను, లేకపోతే టోకెన్ డబ్బు కూడా ఇవ్వను.

పద్దుల_పుస్తకం
టోకెన్ ఇచ్చినా చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. అగ్రిమెంటు ముసాయిదా రాయించాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. పన్ను బకాయిల క్లాజు నేను చూస్తాను.